సెలవులో ఉన్న అమూల్య

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. గాలి లేదు, సాల్ట్ లేక్ వీధుల మీద వాన నిట్టనిలువుగా కురుస్తోంది.

ఆసుపత్రి రక్తనిధి సర్వర్ మళ్లీ మొరాయించింది. కౌంటర్ ముందు రోగుల బంధువులు గొంతు చించుకుంటున్నారు.

సర్వర్ బాధ్యత అమూల్యది. కొత్త మెమరీ వేయించి అరవై నాలుగు జీబీ చేసింది. యంత్రం మాత్రం ముప్పై రెండే వాడుకుంటోంది.

పైగా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల తనిఖీ అధికారి ఆ రోజే వస్తున్నాడు.

“నిమాయ్‌దా, ఆయన వస్తే నేను సెలవులో ఉన్నానని చెప్పు,” అని గార్డుతో పొద్దున్నే అనేసింది.

ఇప్పుడు వరండాలో నిలబడి స్నేహితుడికి ఫోన్ చేసింది.

“నవదీప్, సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద ఎడిషన్ దొంగ కాపీ ఉందన్నావుగా, పంపు. పట్టుబడితే ఉద్యోగం పోతుంది, తెలుసు. బయట జనం రక్తం కోసం నిలబడ్డారు, ఏం చేయను?”

బెంచీ మీద, ప్యాంటు మడుచుకుని గొడుగు ఆరబెట్టుకుంటున్న పెద్దమనిషి తలెత్తాడు.

“తెలుగమ్మాయివా? ఏటయింది తల్లీ?”

ఎవరో రోగి తాలూకు మనిషి అనుకుంది. అయినా ఈ బెంగాలీ ఊళ్లో సొంత భాష చెవిన పడేసరికి ఆగలేకపోయింది.

“అరవై నాలుగు జీబీ వేసినా సర్వర్ ముప్పై రెండే చూస్తోంది అంకుల్. కొన్నది కొత్త ఆపరేటింగ్ సిస్టమే. మా రక్తనిధి ప్రోగ్రాం దాని మీద నడవదు. లైసెన్సు ఒప్పుకుంటుంది కదా అని పాతది వేసుకున్నాం.”

“పాతదాంట్లో ఏది?”

“స్టాండర్డ్. కొన్నదీ స్టాండర్డే కదా!”

ఆయన నవ్వాడు. “అందరూ అక్కడే బోల్తా పడతారు. పాత స్టాండర్డు ముప్పై రెండు దాటి చూళ్లేదు. కొత్త స్టాండర్డు కొన్నోళ్లు పాతదాంట్లో పెద్ద ఎడిషన్, ఎంటర్‌ప్రైజే వేసుకోవచ్చు. నీకు హక్కుంటే దొంగతనం ఎందుకమ్మా? అమ్మినోళ్లని దాని లైసెన్సు కీ అడుగు.”

అడిగింది. ఇచ్చారు. కీ మార్చి యంత్రాన్ని ఆపి, మళ్లీ నడిపింది. అరవై నాలుగూ కనబడ్డాయి. కౌంటర్ దగ్గర అరుపులు సద్దుమణిగాయి.

మట్టి కప్పుల్లో రెండు టీలు పట్టుకొచ్చింది.

“మీకివన్నీ ఎలా తెలుసు?”

“మిషన్లు చూడ్డమే నా పని.”

“దొంగ కాపీ మాట ఆ తనిఖీ ఆయన చెవిన పడనివ్వకండి, అంకుల్.”

“ఆయనకి నేను చెప్పక్కర్లేదులే. టీ తాగు, చల్లారిపోద్ది.”

పేరడగాలని గుర్తొచ్చేసరికి వాన తగ్గింది. బెంచీ ఖాళీగా ఉంది.

నిమాయ్‌దా వెళ్లిపోయాక సాయంత్రం డ్యూటీకొచ్చిన గార్డు, తనిఖీకి ఎవరూ రాలేదన్నాడు. తనిఖీ అభ్యంతరాలు లేకుండా ముగిసిందని వారానికి కబురొచ్చింది. కాగితాలు చూసే ముగించారు కాబోలు, హమ్మయ్య అనుకుని అమూల్య ఆ సంగతే మరిచింది.

ఐదేళ్ల తరువాత ఆ పాత యంత్రాన్ని తీసేసిన రోజున, మహిత అనే కొత్త అధికారిణి తనిఖీకి వచ్చింది.

“పోయినసారి ఎవరూ రానేలేదు,” అంది అమూల్య.

“దుర్గారావు గారు వచ్చారండీ, నిరుడు కాలం చేశారు. మీరు సెలవులో ఉన్నారని గార్డు చెప్పాడట, వరండాలో మీతోనే టీ తాగి వచ్చానని నవ్వుతూ చెప్పేవారు.”