సబ్బు మీద బాతు

"ఇక్కడో సంతకం, కింద ఇంకోటి. అంతే, వెళ్ళిపోవచ్చు నువ్వు," అంటూ యజమాని కాగితాల్ని ఆమె ముందుకు తోశాడు.

సబ్బుల కంపెనీ ఆఫీసు గది. బల్లకి అటు యజమాని, ఇటు ఆ సబ్బు కవరు మీద బొమ్మ గీసిన డిజైనరు. పక్కన లాయరమ్మ. ఓ పెద్ద కంపెనీ ఈ చిన్న కంపెనీని కొనబోతోంది. కొనేముందు కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రమ్మని ఆవిణ్ణి పంపింది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బాతు సంగతి తప్ప.

బకెట్లో కూర్చుని, నెత్తిన నురగ టోపీ పెట్టుకున్న ఆ బాతే కంపెనీకి ప్రాణం. సబ్బు అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. కొట్టుకెళ్ళి అందరూ "బాతు సబ్బు" అనే అడుగుతారు. బాతు లేకపోతే మిగిలేది ఓ పాత షెడ్డూ, నాలుగు తుప్పు పట్టిన మిషన్లూ. వాటినెవడు కొంటాడు?

డిజైనరుకీ ఆ బాతే ప్రాణం. దానితో పిల్లల పుస్తకం ఒకటి చేసింది. ముప్పై రెండు పేజీలు, రెండేళ్ళ కష్టం. బాతు ఆమెదేనని తేలితేనే అచ్చు వేస్తానని ప్రచురణకర్త తెగేసి చెప్పాడు. ఇప్పుడు సంతకం పెట్టిందా, తన పుస్తకంలో తన బాతుకే చోటుండదు.

"ఏంటి అంతసేపు చదువుతున్నావ్? తొమ్మిదేళ్ళ కిందట నా దగ్గర జీతానికి చేరావని ఒప్పుకోవడం, అంతేగా," అన్నాడు యజమాని, పంటి సందులో ఇరుక్కున్న జీడిపప్పు ముక్కని గోటితో లాగుతూ. లాగి, దాన్ని ఓసారి ఎగాదిగా చూసి, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

ఆమె చటుక్కున చూపు తిప్పుకుంది.

చేతిలో ఉన్న కాగితం అంతకన్నా రోతగా ఉంది. జీతమట! ఒక్క రోజైనా ఆమె జీతగత్తెగా ఉన్న పాపాన పోలేదు. తన బల్ల దగ్గర తను గీసుకుని పంపించేది, మిగతా కంపెనీలకి పంపినట్టే. ఈయనేమో ఎప్పటిదో నియామక పత్రం అంటూ ఒకటి పుట్టించి వెనక పిన్ను కొట్టాడు. పాతదిగా కనబడాలని టీలో ముంచి ఆరబెట్టినట్టున్నాడు, వాసనింకా పోలేదు. కింద ఆమె సంతకం కూడా దించేశాడు. ఛీ, ఎంత బాగా దించాడో!

"జీతానికి పనిచేస్తూ గీస్తే బొమ్మ కంపెనీది," అంది లాయరమ్మ. "బయటినుంచి గీసిచ్చి, హక్కులు రాసివ్వకపోతే గీసినవాళ్ళది. అందుకే అడుగుతున్నానమ్మా. మీరు ఏ లెక్కన గీశారు?"

ఆమె నోరు తెరిచేలోపే యజమాని అందుకున్నాడు. "ఈ అమ్మాయికి పెన్సిలు పట్టుకోవడం నేర్పిందే నేనండీ! నా టేబులు, నా కరెంటు. నేను పెట్టిన అన్నం తింటూ గీసింది. ఇంక బాతు ఎవరిదవుతుంది?"

"అన్నం పెట్టినంత మాత్రాన బొమ్మ మీదైపోదు. కాగితం కావాలి."

"మాదంతా ఒకటే కుటుంబమండీ. మా మధ్య కాగితాలేంటి?"

"మరి ఈ నియామక పత్రం ఏంటి?"

యజమాని జీడిపప్పు పళ్ళాన్ని ఆవిడ ముందుకి జరిపాడు. కుటుంబం మాట లాయరమ్మ ఏ కంపెనీకి వెళ్ళినా విన్నదే. పట్టించుకోలేదు.

పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు యజమాని. "లాయరమ్మ అడిగినదానికి ఊఁ అను చాలు. అడగనివేవీ వాగకు." ఇందాకటి వరకూ ఊఁ అందామనే అనుకుంది ఆమె, గొడవెందుకులే అని. ఇప్పుడు ఆ దొంగ కాగితాన్ని లాయరమ్మ వైపు తిప్పింది.

"తారీఖు చూడండి. తొమ్మిదేళ్ళ కిందటిది. ఇప్పుడు పైన చూడండి."

లెటర్‌హెడ్ మూలన, రంగుల్లో, బకెట్లో బాతు.

"నేను బాతుని గీసింది ఆ తర్వాత ఏడాదికి. నన్ను పనిలో పెట్టుకున్న కాగితం మీదికి అదెలా వచ్చిందండీ?"

లాయరమ్మ పక్కున నవ్వింది. "బాగుంది. గుడ్డు కంటే ముందే పిల్ల పుట్టింది!"

యజమాని ఆ కాగితాన్ని గబుక్కున లాక్కుని బోర్లించాడు. తర్వాత గొంతుకి తేనె పూసుకున్నాడు.

"సరేలే, ఏదో గుమాస్తా పొరపాటు. నేనేమన్నా పరాయివాణ్ణా? పెట్టెయ్ సంతకం. నీ పుస్తకం నేనే అచ్చు వేయిస్తా. పేరు మాత్రం కంపెనీది వేద్దాం. ఓ బాతు గీసినందుకు పేరెందుకు నీకు?"

అంటూ అదే జీడిపప్పు చేత్తో ఆమె తల నిమరబోయాడు. ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. ముఖాన ఉమ్మేద్దామన్నంత అసహ్యం వేసింది.

లాయరమ్మ ఫైలు మూసింది. "బాతు మీదేనమ్మా. మీరు రాసిస్తే తప్ప మావాళ్ళు కంపెనీ కొనరు. ఆపైన మీ ఇష్టం. ఒక్కటి మాత్రం నాకు అర్థం కావట్లేదు. ఇలాంటి మనిషిని నమ్మి, చిన్న కాగితం ముక్కైనా లేకుండా ఇన్నేళ్ళు ఎలా గీసిచ్చారు?"

ఆమె పెన్నుకి మూత పెట్టింది. కాగితాల్ని యజమాని ముందుకే తోసేసి లేచింది.

"కంపెనీ ఎందుకు అమ్ముడుపోలేదో సాయంత్రం అమ్మకి మీరే చెప్పుకోండి, నాన్నా!"