పదకొండో నంబరు

మా అన్న మలాకీ శవపేటిక మీద జెర్సీ లేదు.

మా ఊరు డ్రమ్‌కెర్రిన్‌లో క్లబ్బు తరఫున మా ఐరిష్‌వాళ్ళ ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడినవాడు ఎవడు పోయినా పేటిక మీద జెర్సీ పరుస్తారు. రెండు మ్యాచ్‌లు ఆడి బొజ్జ పెంచుకున్నవాడికి కూడా.

అన్నకి పరచలేదు.

"రికార్డుల్లో సస్పెండైనట్టే ఉందమ్మా డింప్నా. తిరిగి చేర్చుకున్నట్టు ఎక్కడా లేదు. రూలు రూలే కదా," అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు ఫెలిమ్ కర్నీన్, చర్చి మెట్ల మీద టోపీ చేత్తో పట్టుకుని.

నేను తల ఊపాను.

వారం తిరక్కుండా క్లబ్బు చరిత్ర రాసిపెడతానని ముందుకొచ్చాను. నూట పాతికేళ్ళ ఉత్సవం దగ్గర పడింది. రాసే ఓపిక ఎవరికీ లేదు. నేనేమో నలభై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినదాన్ని. కమిటీ ఎగిరి గంతేసింది.

పాత కాగితాలున్న రెండు అట్టపెట్టెల్ని ఫెలిమే కారులో తెచ్చి మా వంటింట్లో దించాడు.

"అరవై ఎనిమిది గురించి మాత్రం బాగా రాయాలి. మన మొహానికి ఉన్నది ఆ ఒక్క కప్పే," అన్నాడు.

"రాస్తాను ఫెలిమ్."

*

ఆ రోజుల్లో ఒక నిషేధం ఉండేది. మన ఆట ఆడేవాడు ఇంగ్లీషువాళ్ళ ఆటలు ఆడకూడదు. చూడనూ కూడదు. సాకర్ మైదానంలో జనం మధ్య నిలబడి కనిపించినా సస్పెన్షనే.

1968 కౌంటీ కప్పు ఫైనల్‌కి తొమ్మిది రోజుల ముందు, అన్న స్లైగో పట్నంలో సాకర్ చూశాడని ఫిర్యాదు వచ్చింది.

అన్న ఒప్పుకున్నాడు. అబద్ధమాడటం చేతకాదు.

పదకొండో నంబరు జెర్సీ అన్న ఒంటి మీంచి దిగి, అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న ఫెలిమ్ ఒంటి మీదికెక్కింది.

ఫైనల్ రోజు అన్న మైదానం గోడ అవతల, బురద పొలంలో నిలబడి, కేకల్ని బట్టి స్కోరు లెక్కపెట్టాడు. పక్కన పదిహేనేళ్ళ నేను.

క్లబ్బు గెలిచింది. అన్న గోడ అవతలి నుంచే చప్పట్లు కొట్టాడు.

తర్వాత మూడేళ్ళకి నిషేధమే ఎత్తేశారు. అయినా అన్న మళ్ళీ బంతి ముట్టలేదు.

"ఎవరన్నయ్యా నీ మీద చెప్పింది?" అని ఎన్నిసార్లు అడిగానో.

"ఎవరో చూశారులే. వదిలెయ్యి," అనేవాడు.

నేను వదల్లేదు.

*

రెండో పెట్టె అడుగున 1968 నాటి కవరు ఒకటి దొరికింది.

సంతకం లేని ఫిర్యాదు చెల్లదు. కాబట్టి సంతకం ఉంటుంది. ఆ పేరు బయటికి పొక్కకూడదు. కాబట్టి కవరు అంటించి ఉంది.

జిగురు ఎప్పుడో ఎండిపోయింది. గోరు తగలగానే ఊడొచ్చింది.

'మలాకీ గోలు వెనక నిలబడి మొదటి నుంచి చివరిదాకా ఆట చూశాడు. రెండో గోలు పడగానే టోపీ ఎగరేశాడు. ఇట్లు, ఫెలిమ్ కర్నీన్.'

మొదటి నుంచి చివరిదాకా.

అది రాయాలంటే ఫెలిమ్ కూడా మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉండాలి. ఉంటే, అదే రూలు ప్రకారం అతనూ ఆ ఫైనల్ ఆడకూడదు.

ఆ రోజు టీ రెండు కప్పులు తాగాను.

*

పుస్తకం శనివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో విడుదలైంది. అచ్చు దిద్దే పని కూడా నాకే వదిలేశారు కాబట్టి నేను తప్ప ఎవరూ చూడలేదు.

మా దగ్గర ఒక ఆనవాయితీ. కప్పు గెలిచిన పదిహేనుమంది పేర్లూ ఆ జట్టులో బతికున్నవాడు చదువుతాడు. ఒక్కో పేరుకీ ఆ ఇంటివాళ్ళు లేచి 'ఉన్నాం' అంటారు.

బతికున్నది ఫెలిమ్ ఒక్కడే.

"ఒకటి. కోర్మక్ ట్రేసీ."

"ఉన్నాం!" రెండు వరుసలు లేచాయి.

"ట్రేసీలు ఎక్కడ లేరు చెప్పండి! ముందు సాండ్‌విచ్‌లు లెక్కపెట్టుకోండమ్మా!" వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

ఆటగాడికో పేజీ. పేజీకో ఫొటో. ఫెలిమ్ తీరుబడిగా తిప్పుతూ చదువుతున్నాడు.

పది అయింది. పేజీ తిప్పాడు.

ఆగిపోయాడు.

పదకొండో పేజీలో ఫొటో లేదు. ఉత్తరం ఉంది. అతని చేతిరాతే, పేజీ నిండా.

"ఏం ఫెలిమ్, సొంత పేరు చదవడానికి సిగ్గా?"

"పెళ్ళికూతురిలా ఆ బెట్టేమిటయ్యా!"

ముందు వరుసలోంచి అతని మనవరాలు డెర్వ్లా లేచింది. ఆడపిల్లల జట్టుకి కెప్టెన్. ముసలాయనకి అక్షరాలు ఆనడం లేదనుకుంది.

"ఇలా ఇవ్వు తాతా."

గట్టిగా చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికి గొంతు తగ్గింది. సంతకం దగ్గర పెదవులే కదిలాయి.

ముందుగా తెల్లజుట్టు వాళ్ళకి అర్థమైంది. నిషేధం వాళ్ళకి గుర్తుంది. ట్రేసీలు ఒక్కొక్కరే కూర్చున్నారు.

నేను చివరి వరుసలో లేచి నిలబడ్డాను.

"రూలు రూలే కదా, ఫెలిమ్."

చాలా హాయిగా ఉంది. ఆ హాయి కోసం యాభై ఏడేళ్ళు బతికాను.

డెర్వ్లా పుస్తకం మూసింది.

"నువ్వూ ఆ రోజు స్లైగోలోనే ఉన్నావా తాతా?"

ఫెలిమ్ మనవరాలి వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"ఇద్దరం ఒకే సైకిలు మీద వెళ్ళాం డింప్నా. నీకు చెప్పలేదా వాడు?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇరవై మైళ్ళు," అన్నాడు. "తొక్కింది మలాకీయే."