ముందుగా ఒక కేక

బర్మాలో ఇప్పుడు జరుగుతున్న యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తల్లీకూతుళ్లకి అంబాజీపేటలో, కొబ్బరితోట మధ్య ఒక రేకుల గది దొరికింది. కాయలు దింపే రోజున గెల దబ్బున పడగానే పాప మంచం కిందికి దూరేది. బాంబులనుకునేది.

వాళ్లని చూసుకునే సోషల్ వర్కర్ రాహేలు, చెట్లెక్కే మంగరాజుని బతిమాలింది.

"బాబాయ్‌గారూ, గెల వదిలే ముందు ఓ కేకెయ్యండి."

"ఆయ్! గెలగెలకీ కేకేస్తే పొద్దోయేసరికి నాకు గొంతుంటదాండీ?" అన్నాడు. అయినా వేశాడు. "పడతందమ్మోయ్!"

మూడో దింపుకి పాప గుమ్మంలో నిలబడి తనూ కేక వేసింది. ముందే చెబితే భయం ఉండదని రాహేలు తన రిపోర్టులో సంతోషంగా రాసింది.

ఒక సాయంత్రం ఆమెకి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "రేపు వాళ్లిద్దర్నీ వేరే రాష్ట్రంలో శిబిరానికి పంపేస్తున్నాం. ముందే తెలిస్తే పారిపోతారు. చెప్పకండి."

రాహేలు వాళ్ల గదికి వెళ్లింది. తల్లి ఇచ్చిన టీ తాగింది. పాపకి జడ వేసింది. ఏమీ చెప్పకుండా వచ్చేసింది.

పొద్దున్నే పోలీసులు తలుపు తోసుకుని వచ్చారు. పాపని మంచం కింద నుంచి లాగారు.

వ్యాను ఎక్కిస్తుంటే, తలవంచుకుని నిలబడ్డ రాహేలుని చూసి పాప అడిగింది.

"అక్కా, నువ్వు కేక వెయ్యలేదేం?"