జాతికుక్క సర్టిఫికెట్

పొద్దున మిర్యాలగూడ మీద మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. తన కూతురు లహరిని అన్న ప్రభాకర్ కొడుకు కార్తీక్‌కు ఖాయం చేసుకుందామని ఆండాళు కోదాడ నుంచి తాంబూలాలతో దిగింది. ఎదురొచ్చిన అన్న పెంపుడు కుక్క నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగింది.

"తాగి పడుతున్నదని అందరూ నవ్వుతున్నరు డాక్టర్," అన్నాడు ప్రభాకర్.

కుక్కను చూడటానికి ఇంటికొచ్చిన పశువుల డాక్టర్ వీరేశం హైదరాబాద్ నుంచి వచ్చిన రక్తపరీక్ష కాగితం చదివాడు. "మెదడుల చెత్త ఊడ్చే ఎంజైమ్ దీనికి పుట్టుకతోనే లేదు సార్. మందు గూడ లేదు."

"గట్లెట్ల? ఒరిజినల్ జాతి! బయటి రక్తం సుక్క కలవలే. సర్టిఫికెట్ సూడుండ్రి."

వీరేశం అదీ చదివాడు. "గదే వచ్చింది సార్. దీని తండ్రి దీని తల్లికి మేనబావ. ఇద్దరిల దాగిన లోపం దీంట్ల కలిసింది. మందల ఒకే రక్తం కలవొద్దని గొర్లోళ్లు సుత పొట్టేలును మారుస్తరు."

ఆండాళు పళ్లెం కింద పెట్టింది. "అన్నయ్యా, మరి మన పిల్లలు?"

"మనుషులకు, కుక్కకు పోలికేందే?"

"పోలిక నేను తేలే సార్," అన్నాడు వీరేశం.

ప్రభాకర్ కుక్కను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు దాని చెవులు నిమిరాడు.

"చెల్లె, పిల్లకు బయటి సంబంధమే సూద్దాం. ముందు అన్నం పెట్టు."

ఆండాళు అడగకుండానే అన్నకు నెయ్యి వేసింది. అతను వద్దనలేదు. ముగ్గురూ కలిసి తిన్నారు.