జర్మనీ డబ్బా

"పోసేశావన్నమాట!"

ఆటో దిగీ దిగకముందే శివరామకృష్ణయ్య అరిచాడు. ఆయన చంకలో జర్మనీ ఇంజన్ ఆయిల్ డబ్బా పసిపిల్లలా ఒదిగి ఉంది. దాని కోసమే బ్రూస్‌పేటలోని ఈ షెడ్డులో కారు వదిలేసి, కౌల్ బజార్ సందులన్నీ గాలించి వచ్చాడు. తీరా వచ్చి చూస్తే కారు బానెట్ మీద ఖాళీ మగ్గు, పక్కన గరాటు. మగ్గు అంచున ఇంకా ఒక నూనెబొట్టు వేలాడుతోంది. షెడ్డు మూలనున్న డ్రమ్ములోని నూనె అది.

కారు కింది నుంచి మెకానిక్ గాళెప్ప చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"సార్, ఆ మగ్గు..."

"కనబడుతూనే ఉంది. నేనలా వెళ్ళగానే డ్రమ్ములో ముంచి నా బండిలో పోసేశావు."

"అట్ల కాదు సార్. ఒక్క నిమిషం ఇనండి."

"నీ దగ్గర వినేదేముందయ్యా? అసలు అది నూనేనా? మిరపకాయ బజ్జీలు వేసి పారబోసినట్టుంది!"

పక్కనే జీపు బానెట్ మూస్తున్న దురుగప్ప నవ్వాడు. "నా జీపుకు ఎప్పుడూ అదే పోపిస్తాండా సారూ. నడుస్తానే ఉండాది."

"అది జీపా? చక్రాలున్న రేకుల డబ్బా. కాలువ నీళ్ళు పోసినా నడుస్తుంది."

"అయితే ఈసారి నీళ్ళే పోసి చూస్తా సారూ, ఖర్చు తగ్గుతాది."

శివరామకృష్ణయ్య అతని వంక చూడను కూడా లేదు. అలాంటివాళ్ళతో వాదిస్తే తన పరువే పోతుంది.

షెడ్డు నీడలో ఆయన భార్య హనుమాయమ్మ ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. ఆమె చెల్లెలికి మర్నాడు పొద్దున్నే గుంటూరులో గుండె ఆపరేషన్. "మత్తు ఇచ్చేలోపు నీ మొహం చూడాలక్కా" అని ఫోన్లో ఏడ్చింది.

"ఏవండీ, ఆ అబ్బాయి చెప్పేది ఒక్కసారి వినండి..."

"నీకేం తెలుసు? నూనె అంటే నీకు పోపులో వేసేదే. పద! గుంతకల్లులో మర్యాద తెలిసిన షెడ్డుంది. అక్కడ ఈ కుడితి కక్కించి నా నూనె పోయిస్తాను. అందాకా ఎలాగోలా లాక్కుపోతాను."

గాళెప్ప నోరు తెరిచే లోపే తాళాలు లాక్కున్నాడు. డబ్బాను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. భార్యను వెనక కూర్చోమన్నాడు.

కారు కదిలింది. అద్దంలో గాళెప్ప కనిపించాడు. చెప్పులు కూడా లేకుండా, రెండు చేతులూ ఊపుతూ వెంట పరిగెత్తుకొస్తున్నాడు.

"ఆపండీ, పాపం ఏదో చెబుతున్నాడు."

"కాళ్ళు పట్టుకోవడానికి వస్తున్నాడు. ఇలాంటివాళ్ళను ఒకసారి క్షమిస్తే నెత్తికెక్కుతారు."

ఫోన్ మోగింది. గాళెప్పే. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. ఈసారి ఫోన్ నోరే మూసేశాడు.

"ముందర ఆ ఎర్రదీపం ఏంటండీ, ఇందాకట్నుంచి వెలుగుతోంది?" అంది హనుమాయమ్మ.

"బండికి వికారం. గొప్పింటి పిల్లకు పాచికూడు పెడితే ఇంతే."

ఊరు దాటాక ఇంజన్ టకటకమనడం మొదలెట్టింది. శివరామకృష్ణయ్య మొహం వెలిగిపోయింది. "విను, విను! డ్రమ్ము నూనె పాడే పాట!" అన్నాడు. చప్పుడు పెరిగినకొద్దీ ఆయన మాట నిజమవుతోంది. హగరి ఏటి వంతెన ఇంకా కాస్త దూరముందనగా, లోపల ఏదో విరిగినట్టు పెద్ద శబ్దం వచ్చింది. పొగ కమ్మింది. కారు ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే ఇంజన్ మూలగను కూడా లేదు.

దారిన పోయేవాళ్ళు నలుగురు మూగారు.

"ఏమాయె సారూ?"

శివరామకృష్ణయ్య డబ్బాను దించుకొచ్చి తలపైకెత్తి చూపించాడు. "చూడండి! ఇది పోసి ఉంటే ఈ బండి గుంటూరు దాకా పూలరథంలా వెళ్ళేది. ఒక దొంగ వెధవ డ్రమ్ములోది పోశాడు. వంతెన దాటితే ఒట్టు! ఏ ఆయిలైనా ఒకటే అనే మూర్ఖులుంటారే, వాళ్ళందర్నీ తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి."

"నిజమే సారూ" అంటూ ఒకతను డబ్బాను ఫొటో తీసుకున్నాడు. హనుమాయమ్మ గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అంతలో గడగడమంటూ జీపొచ్చింది. గాళెప్ప అది ఆగకముందే దూకాడు. దురుగప్ప కారు వైపు చూడలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. భుజం మీది తువ్వాలుతో ముందు సీటు దుమ్ము దులిపి, గట్టు దగ్గరికి నడిచాడు.

"బ్యాగు ఇట్లియ్యక్కా. గుంతకల్లులో రైలు దొరుకుతాది. రేకుల డబ్బానే గానీ చేరుస్తాది."

హనుమాయమ్మ భర్తను అడగకుండానే లేచి జీపెక్కింది.

శివరామకృష్ణయ్యకు అదేమీ పట్టలేదు. ఆయన గాళెప్ప చొక్కా పట్టుకున్నాడు. "ఇప్పుడేమంటావు? నువ్వు పోసిన నూనెకు నా ఇంజన్ పట్టేసింది. ఇంతమంది ముందు ఒప్పుకో. ఆయిల్‌కీ ఆయిల్‌కీ తేడా ఉందా, లేదా?"

గాళెప్ప మెల్లగా చొక్కా విడిపించుకున్నాడు. బానెట్ ఎత్తి, పొగ తగ్గేదాకా ఆగి, ఇంజన్లోంచి నూనె చూసే పుల్ల లాగాడు. అది మెరుస్తోంది, పొడిగా.

"ఆ మగ్గులోది జీపుకు పోసినాను సార్. మీ బండిలోంచి పాతది దింపేసి, మీ డబ్బా కోసం కాసుకోనుంటి... మీ ఇంజన్లో ఏ నూనే లేదు."