పదకొండింటి స్లాటు

“ఇంకా తెరుచుకోలేదా నాన్నా?” పావని అలా అడగడం అది మూడోసారి.

“పాతది కదమ్మా, టైము పట్టుద్ది,” అన్నాడు చంద్రరావు, తనవైపు తిప్పుకున్న తెర మీంచి చూపు తియ్యకుండా.

పావనికి తల కొట్టేసినట్టయింది. నిడదవోలు రిజిస్ట్రారాఫీసు ఎదుట దస్తావేజులు రాసే తండ్రికి ఆ లినక్స్ కంప్యూటరే ఆధారం. ఒక్క దస్తావేజు తెరవాలంటే ఐదేసి నిమిషాలు తినేసేది. నిన్న సాయంత్రం పావని పట్టుబట్టి కూర్చుని, రోజూ వాడే ప్రోగ్రాములేవో కంప్యూటరే కనిపెట్టి, ముందుగానే మెమరీలో సిద్ధంగా ఉంచుకునే ఏర్పాటు చేసింది. “ఇక కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది, చూడు నాన్నా!” అని గొప్పలు కూడా పోయింది. తీరా ఇవాళ పార్టీల ముందు ఇదీ వరస!

బల్లకి ఆ చివర బుల్లియ్య, ఈ చివర అతని తమ్ముడు గణేష్‌బాబు కూర్చున్నారు. ఎందుకొచ్చిన తగువో గానీ, మూడు నెలలుగా వాళ్ళ మధ్య మాటల్లేవు. ఉన్న మూడెకరాలూ పంచుకుంటూ భాగపంపకాల దస్తావేజు నిన్ననే టైపు చేయించారు. తెరిచి ప్రింటు తియ్యడమే తరువాయి.

“పదకొండింటికి రిజిస్ట్రేషన్ స్లాటండి. అది దాటితే మళ్ళీ ఎప్పటికో!” గణేష్‌బాబు విసుక్కున్నాడు.

“ఈలోగా హద్దులు ఓసారి సరిచూసుకుందాం. మీ వాటాకి తూర్పు ఏంటండి?” అని అతన్నే అడిగాడు చంద్రరావు.

“మా అన్నయ్య చేనండి.”

“బుల్లియ్యగారూ, మీకు పడమర?”

“తమ్ముడిదండి.”

“నీళ్ళొచ్చే బోదె కాలవ ఎవరివైపు పడింది?”

“నావైపేనండి,” అన్నాడు బుల్లియ్య.

“మరి మీ తమ్ముడి చేనుకి నీళ్ళు?”

గణేష్‌బాబే నెమ్మదిగా అందుకున్నాడు. “ఇన్నాళ్ళూ నీళ్ళు పెట్టేది అన్నయ్యేనండి. పాములుంటాయని చీకటి పడితే నన్ను చేలోకి రానిచ్చేవాడు కాదు.”

“చిన్నప్పుడోసారి కరిచింది గదండి వీణ్ణి. చచ్చి బతికాడు,” అన్నాడు బుల్లియ్య.

పావని గడియారం వైపు చూసింది. పదకొండుకి ఐదు నిమిషాలుంది. “పోనీ నన్ను చూడనీ నాన్నా!”

“కూర్చోమ్మా. అదే వస్తది.”

పదకొండు దాటిపోయింది. ఇక నిలదీస్తారని పావని హడలిపోయింది. బుల్లియ్య లేచి తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు.

“పదరా, టీ తాగుదాం. చంద్రరావుగారూ, ఈ కాగితాలు ఇప్పుడేం వద్దులెండి.”

గణేష్‌బాబు కళ్ళు తుడుచుకుంటూ అన్న వెనకాలే నడిచాడు.

వాళ్ళు గుమ్మం దాటారో లేదో పావనికి ఏడుపొచ్చేసింది. “నా వల్లే బేరం పోయింది నాన్నా. నేను పెట్టింది అస్సలు పనిచెయ్యలేదు!”

చంద్రరావు కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.

“రెండు సెకన్లలో తెరుచుకుందమ్మా.”