తాళాలగుత్తి

"సించొద్దు మా, ఆగు!"

జయరావు కేకకు కూతురు అమల చేతిలో కవరు ఆగిపోయింది.

"పోస్టుమాన్ ఇచ్చి మూడు దినాలాయ నాయనా. ఎన్నాళ్లని బైబిలు కింద పెడతావు?"

అతని చేతులు వణుకుతున్నాయి. భయమో, మూర్ఛే ముంచుకొస్తోందో భార్య సంతోషమ్మకు తెలియలేదు. ఆరేళ్ల కిందట మిలిటరీ నుంచి మొదటి కాగితం వచ్చినప్పుడూ మొగుడు ఇలాగే వణికాడు. ఆ మూర్ఛ వంశంలోనే ఉన్న జబ్బనీ, ఉద్యోగంలో వచ్చింది కాదు గనక పెన్షన్ లేదనీ అందులో రాశారు. దానిమీద పెట్టుకున్న అప్పీలుకే ఈ జవాబు. ఆ మొదటి కాగితం వచ్చినప్పటినుంచీ అతను పిల్లను పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ పోనివ్వడు. గారాబమనుకుంది సంతోషమ్మ.

"పెన్షన్ రాకుంటే పోనీ, భయపడాకు. నేను మామిడితోటకు కూలికి పోతా ఉండా కదా," అందామె. "సదువు పాపా."

అమల ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చెప్పింది.

"మిలిటరీ లారీ బోల్తాపడినప్పుడు తలకు తగిలిన దెబ్బతోనే మూర్ఛ వచ్చిందంట. వంశంలోది కాదంట. పెన్షన్ ఇస్తారంట నాయనా!"

"స్తోత్రం ప్రభువా!" సంతోషమ్మ బైబిలు తీసి కళ్లకద్దుకుంది.

జయరావు మాత్రం కదల్లేదు. "వంశంలోది కాదనే రాసినారా? ఆ మాట ఇంకోసారి సదువు."

అమల మళ్లీ చదివింది.

అతను లేచి, గోడకున్న కూతురి స్కూలు సంచి దించి, అడుగునుంచి ఇనప తాళాలగుత్తి తీశాడు. మూర్ఛ వస్తే చేతిలో పెట్టడానికి అలాంటి గుత్తే అతని మొలకూ వేలాడుతుంటుంది. ఆరేళ్లుగా పిల్ల బరువని గొణిగినా దాన్ని తియ్యనిచ్చేవాడు కాదు.

"ఇంక దీంతో నీకు పనిలేదు మా," అన్నాడు.